తల్లిదండ్రులు వెంట లేకుండా మనవరాలితో క్రూయిజ్ ప్రయాణం: నా అనుభవం

మా మనవరాలికి నాలుగేళ్ళు నిండిన రెండు నెలలకు మావారూ నేనూ ఆ పిల్లను వెంటబెట్టుకుని అయిదు రాత్రుల క్రూయిజ్ ప్రయాణం చేసి వచ్చాం. మా అమ్మాయి గానీ అల్లుడు గానీ మాతో రాలేదు. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికే సూచన కనిపించకపోవడంతో, "మీరెలాగూ వెళ్తున్నారు కదమ్మా, దాన్ని కూడా తీసుకెళ్ళకూడదూ" అని మా అమ్మాయే ముందుగా అంది. అంతకుముందు రెండుసార్లు ఓడ ఎక్కి దిగినవాళ్ళం కాబట్టి మాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను. పెద్దవాళ్ళం మాత్రమే ఎక్కడం వేరు, ఇంకొకరి బిడ్డ చెయ్యి పట్టుకుని ఎక్కడం వేరు అన్న సంగతి టికెట్లు బుక్ చేసిన మరునాడే తెలిసివచ్చింది. "ఇంకొకరి బిడ్డ" అని రాయడానికి నాకే మనసొప్పడం లేదు గానీ, ఓడ కంపెనీ లెక్కలోనూ సరిహద్దు అధికారుల లెక్కలోనూ అమ్మమ్మ, తాతయ్యల స్థానం అంతే. నేను కన్న కూతురు కన్న బిడ్డే అయినా, ఆ ప్రయాణంలో పాప మీద మాకుండే అధికారం దాని తల్లిదండ్రులు కాగితం మీద రాసిచ్చినంత మేరకే.

వయసు విషయంలో మాకు చిక్కు రాలేదు. చాలా క్రూయిజ్ కంపెనీలు ఆరు నెలలు నిండని పసిపిల్లలను ఎక్కించుకోవు. వరుసగా ఎక్కువ రోజులు నడిసముద్రంలోనే సాగే ప్రయాణాలకైతే ఏడాది నిండాలంటాయి. ఓడలోని వైద్య కేంద్రం చిన్నది, పసిపిల్లకు ఏదైనా జరిగితే పెద్దాసుపత్రి రోజుల దూరంలో ఉంటుంది కాబట్టి ఆ నిబంధన సబబైనదే. పిల్లలు ఉండే క్యాబిన్‌లో కంపెనీని బట్టి ఇరవై ఒక్క ఏళ్ళో, అంతకు పైబడో వయసున్న పెద్దవారు ఒకరు ఉండాలన్నది మరో నియమం. అరవై దాటిన మమ్మల్ని ఆ మాట అడిగినప్పుడు మావారు నవ్వు ఆపుకోలేకపోయారు.

అసలు పరీక్ష కాగితాల దగ్గర మొదలైంది. పాపకు దాని తండ్రి ఇంటిపేరు వచ్చింది, మా ఇంటిపేరు వేరు. మూడు పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ముసలి జంటకూ ఆ పిల్లకూ ఏ సంబంధమూ ఉన్నట్టు కనిపించదు. అందువల్ల పాప జనన ధ్రువపత్రంతో పాటు మా అమ్మాయి జనన ధ్రువపత్రాన్ని కూడా బీరువాలోంచి తవ్వి తీయాల్సి వచ్చింది. పాప పత్రంలో తల్లి పేరు ఉంటుంది, ఆ తల్లి పత్రంలో మా పేర్లు ఉంటాయి. ఆ రెండూ కలిపి చూపిస్తేనే మేము ఎవరమో తేలుతుంది. ఈ ఉపాయం మాకు ఎవరూ చెప్పలేదు, కాగితాలు ముందేసుకుని కూర్చున్న ఒక రాత్రి మావారికి తట్టింది. చిన్నపిల్లల పాస్‌పోర్టు గడువు చాలా దేశాల్లో పెద్దవాళ్ళకు ఇచ్చేదానికంటే తక్కువగా, అయిదేళ్ళే ఉంటుంది. పైగా ప్రయాణం ముగిశాక ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలని అడిగే దేశాలు ఎన్నో ఉన్నాయి. పుట్టిన కొత్తలో తీసిన పాస్‌పోర్టును నాలుగేళ్ళ తర్వాత బయటికి తీసేటప్పుడు ముందుగా చూడవలసింది ఆ తేదీనే. వీసాలు కూడా ఓడ ఆగే ప్రతి దేశానికీ వేరువేరుగా చూసుకోవాలి. ఒడ్డున దిగబోము కదా అనుకున్నా సరే, కొన్నిచోట్ల ఆ మాట చెల్లదు.

అన్నింటికంటే ముఖ్యమైనది తల్లిదండ్రుల సమ్మతి పత్రం. పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, తల్లిదండ్రుల వివరాలు, ఏ వేళలోనైనా వాళ్ళను పట్టుకోగలిగే ఫోను నంబర్లు, మా పేర్లు, పాపతో మా బంధుత్వం, ఓడ పేరు, బయలుదేరే తేదీ, తిరిగివచ్చే తేదీ, మధ్యలో ఆగే రేవులు, ఇవన్నీ రాసి, ఈ ప్రయాణానికి తమకు సమ్మతమేనని చెప్పి నోటరీ ఎదుట సంతకం చేయాలి. ఇంత పట్టుబట్టడం మొదట నాకు అతిగానే అనిపించింది. తల్లిదండ్రుల మధ్య తగవుల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా పిల్లలను దేశం దాటించేస్తే, అలాంటి పిల్లలను వాళ్ళు మామూలుగా నివసించే దేశానికి త్వరగా తిప్పి పంపించడానికి 1980లో హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందమే కుదిరిందని మావారు చదివి చెప్పాక నా సణుగుడు తగ్గింది. అధికారి అడిగే ప్రశ్న నన్ను అనుమానించడానికి కాదు, నా మనవరాలి వయసే ఉన్న మరెవరి బిడ్డనో కాపాడడానికి.

ఆ పత్రంలోనే మేము పొరపాటు చేశాం. తల్లి సంతకం ఉంటే చాలుననుకుని మా అమ్మాయి ఒక్కతే సంతకం చేసి, నోటరీ ముద్ర వేయించి తెచ్చింది. బయలుదేరడానికి ఎనిమిది రోజులు ఉందనగా బుకింగ్ ఏజెంటుకు దాని నకలు పంపితే, తండ్రి సంతకం ఏదని అడిగాడు. అప్పటికి మా అల్లుడు ఉద్యోగం పనిమీద దూరంగా ఉన్నాడు. నోటరీ ముద్ర పడాలంటే సంతకం నోటరీ కళ్ళెదుటే చేయాలి కాబట్టి ఇక్కడి కాగితం మీద అతని సంతకం తర్వాత చేర్చడం కుదరదు. "అత్తయ్యగారూ, నేనిక్కడే వేరే కాగితం మీద అదే పాఠం రాసి, ఇక్కడి నోటరీతో ముద్ర వేయించి పంపిస్తే పనికొస్తుందేమో కనుక్కోండి" అని అతను ఫోనులో అన్నాడు. ఏజెంటు పనికొస్తుందన్నాడు. ఆ కవరు కొరియర్‌లో మా చేతికి వచ్చేదాకా నాకు కంటిమీద కునుకు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరే ఉన్న ఇళ్ళలో మరణ ధ్రువపత్రమో, బిడ్డ సంరక్షణ ఒకరికే అప్పగించిన కోర్టు ఉత్తర్వో జతచేయాల్సి ఉంటుంది. మా అల్లుడు పంపిన పత్రంలో మరొక మేలు కూడా జరిగింది. మా అమ్మాయి రాసిన గడువు ఓడ తిరిగివచ్చే రోజుతోనే ముగిసింది. అతను మాత్రం వారం రోజులు అదనంగా రాశాడు. తుఫాను వల్లనో, యంత్రం చెడిపోయో ఓడ ఆలస్యమైతే, గడువు తీరిన సమ్మతి పత్రంతో పరాయి రేవులో నిలబడవలసి వచ్చేది. అది చూశాక మా అమ్మాయి కూడా మళ్ళీ నోటరీ దగ్గరికి వెళ్ళి తేదీ పొడిగించి తెచ్చింది.

వైద్యానికి సంబంధించిన అనుమతిని విడిగా మరో కాగితం మీద రాయించుకున్నాం. పాపకు జబ్బు చేస్తే చికిత్సకు ఒప్పుకునే అధికారం మాకు ఇస్తున్నట్టు, దానికి పడని మందులు ఏమిటి, వేసిన టీకాలు ఏమిటి, చూసే డాక్టరు ఫోను నంబరేమిటి, బీమా పాలసీ సంఖ్యేమిటి అన్నవన్నీ అందులో ఉన్నాయి. పిల్లలకు మందు మోతాదు బరువును బట్టి ఇస్తారు కాబట్టి బయలుదేరే ముందు రోజు పాపను తూచి, పదహారు కిలోలని ఆ కాగితం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. ఇళ్ళ దగ్గర పనికొచ్చే ఆరోగ్య బీమాలు చాలావరకు ఓడ మీద చెల్లవు. అత్యవసరంగా రోగిని ఒడ్డుకు తరలించే ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమాను ముగ్గురికీ తీసుకున్నాం.

క్యాబిన్ ఎంపికలో మాకూ మా అమ్మాయికీ కొంత వాదన జరిగింది. బాల్కనీ ఉన్న గది అయితే పాప పడుకున్నాక మేము బయట కూర్చోవచ్చునని నా ఆశ. బాల్కనీ అన్న మాట వింటేనే మా అమ్మాయికి గుండె దడ. ఆ తలుపులకు గొళ్ళెం పైన ఉంటుంది, కటకటాలు ఎత్తుగానే ఉంటాయి, అయినా కుర్చీ జరిపి ఎక్కే వయసు పిల్ల. చివరికి కూతురి మాటే నెగ్గింది. కిటికీ ఉండి బాల్కనీ లేని గదిని, ఓడ నడిమి భాగంలో, కింది డెక్‌లలో తీసుకున్నాం. ఊయల బల్లకు మధ్యన కూర్చున్నవాడికి ఊపు తక్కువ తెలిసినట్టే, ఓడ ముందు వెనకల కంటే నడుమ, పై అంతస్తుల కంటే కింద కుదుపు తక్కువగా ఉంటుంది. గోడలోంచి దింపే పై పడక మీద చిన్నపిల్లలను పడుకోబెట్టనివ్వరు కాబట్టి సోఫాను పరుపుగా మార్చే గది అడిగి తీసుకోవడం మంచిదైంది. చాలా క్యాబిన్లలో స్నానానికి షవరు మాత్రమే ఉంటుంది. నెత్తి మీద నీళ్ళు ధారగా పడడమంటే మా పాపకు భయం. ప్లాస్టిక్ చెంబు ఒకటి సంచిలో పడేసుకున్నాను. ఆ ప్రయాణంలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయం అదొక్కటేనని మావారు ఇప్పటికీ అంటారు.

అమ్మానాన్నలు లేకుండా పాప మా ఇంట్లో అప్పటికి నాలుగైదు రాత్రులు పడుకుంది గానీ, అవన్నీ విడివిడి రాత్రులు. వరుసగా అయిదు రాత్రులు ఉండగలదా అన్నది చూడకుండా ఓడ ఎక్కకూడదని, నెల ముందు మూడు రాత్రులు వరుసగా మా దగ్గర ఉంచుకున్నాం. మూడో రాత్రి బెంగపడింది. ఆ బెంగ ఎలా ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో మాకు అప్పుడే తెలియడం వల్ల ఓడ మీద మేము కంగారు పడలేదు. బయలుదేరే ముందు మా అమ్మాయి ఒక అట్టముక్క మీద అయిదు చందమామలు గీసి ఇచ్చింది. ఒక్కో రాత్రి పడుకునే ముందు ఒక్కో చందమామకు రంగు వేయాలి, అన్నీ నిండితే అమ్మ వస్తుంది. "ఎల్లుండి", "అవతలెల్లుండి" అనే మాటలు నాలుగేళ్ళ పిల్లకు అర్థం కావు. మిగిలిన చందమామలు వేలుపెట్టి లెక్కపెట్టుకోవడం మాత్రం దానికి బాగా తెలుసు.

టెర్మినల్‌లో కౌంటరు వెనక ఉన్నామె మా కాగితాలన్నీ ఓపికగా చదివింది. రెండు సమ్మతి పత్రాలనూ పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూసింది. తర్వాత కౌంటరు మీదుగా వంగి, మమ్మల్ని పట్టించుకోకుండా పాపనే అడిగింది, వీళ్ళెవరు అని. పాప నా చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. మరోసారి మెల్లగా అడిగితే, సగం మొహం బయటపెట్టి, "మా అమ్మ ఇంట్లో ఉంది, అమ్మకు చెప్పలేదు" అంది. నా గుండె గుభేలుమంది. పొద్దున తనకు కొనిపెట్టిన చాక్లెట్ సంగతి అమ్మకు చెప్పలేదని పాప ఉద్దేశం! మావారు ఫోను తీసి మా అమ్మాయికి వీడియో కాల్ చేసి, ఆమెకు చూపించారు. తెర మీద అమ్మను చూసి పాప గంతులేయడం, మా అమ్మాయి తన పాస్‌పోర్టును కెమెరా ముందు పెట్టి చూపడం అయ్యాక ఆమె నవ్వుతూ ముద్ర వేసింది. ఆ సమయానికి మా అమ్మాయి ఫోను అందుబాటులో ఉండాలని ముందే అనుకుని ఉండకపోతే ఏమయ్యేదో ఊహించుకోలేను.

ఓడ కదలకముందే మస్టర్ డ్రిల్ జరిగింది. ప్రమాదం వస్తే ఎవరెక్కడికి చేరుకోవాలో నేర్పే కసరత్తు అది. 1912లో టైటానిక్ మునిగాక 1914లో మొదటిసారి రాసుకున్న సముద్ర భద్రతా ఒప్పందాన్ని ఆ తర్వాత కొన్నిసార్లు తిరగరాశారు, ఆ వరసలోదే ఇప్పటికీ నడుస్తోంది. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగిపోయిన నాటికి, అందులో కొత్తగా ఎక్కిన కొన్ని వందలమందికి ఆ డ్రిల్ ఇంకా జరగనేలేదు. ఆ తర్వాత, ఓడ బయలుదేరకముందే గానీ బయలుదేరగానే గానీ డ్రిల్ జరిగితీరాలని నియమం మార్చారు. వెనకటి ప్రయాణాల్లో ఈ డ్రిల్‌ను విసుగ్గా ముగించుకున్న మేము ఈసారి సిబ్బందిని ప్రశ్నలతో వేధించాం. ఏడు చిన్న కూతలు, ఆపైన ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. పాప మణికట్టుకు తన మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదంలో చేరవలసిన చోటు, గుర్తు ఉన్న పట్టీ కట్టారు. గందరగోళంలో పిల్ల ఒంటరిగా దొరికితే సిబ్బంది దాన్ని ఏ స్టేషన్‌కు చేర్చాలో ఆ పట్టీ చెబుతుంది.

లైఫ్ జాకెట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. క్యాబిన్‌లో ఉన్నవి రెండు, రెండూ పెద్దవాళ్ళవే. పిల్లల జాకెట్ పదిహేను కిలోల నుంచి నలభై మూడు కిలోల లోపు బరువుకు, అంతకు తక్కువ బరువుంటే పసిపిల్లల జాకెట్ అని లెక్క. పెన్సిల్‌తో రాసుకున్న పదహారు కిలోలు అప్పుడే అక్కరకొచ్చాయి. అడిగిన అరగంటకు చిన్న జాకెట్ తెచ్చి ఇచ్చారు. దాన్ని పాపకు తొడిగి, కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ కూడా బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను. గడ్డం దాటి పైకి జారిపోతే అది నీళ్ళలో పిల్లను నిలపదు. జారలేదు. పాప ఆ జాకెట్ విప్పనని పేచీ పెట్టి, దానితోనే గదంతా తిరిగింది.

పిల్లల క్లబ్ గురించి మేము పెట్టుకున్న ఆశలు సగమే నెరవేరాయి. సాధారణంగా మూడేళ్ళు నిండి, డైపరు అవసరం లేకుండా తమంతట తాము మరుగుదొడ్డి వాడుకోగల పిల్లలనే ఆ క్లబ్బుల్లో చేర్చుకుంటారు. ఈత కొలనుల్లోనూ డైపరు వేసిన పిల్లలను దిగనివ్వరు. ఈతకోసం చేసిన ప్రత్యేక డైపరైనా ఒప్పుకోరు. మా పాపకు పగటిపూట ఆ ఇబ్బంది లేదు గానీ, కొత్తచోట చెప్పడానికి సిగ్గుపడి తడుపుకుంటుందేమోనని నా భయం. చేర్చేటప్పుడు సంతకం చేయాలి, తీసుకెళ్ళేటప్పుడు ముందు చెప్పిన రహస్య పదం చెప్పాలి, జాబితాలో పేరున్నవారికే బిడ్డను అప్పగిస్తారు. మొదటిరోజు పాప గుమ్మం దాటనంది. రెండోరోజు నేను లోపల పది నిమిషాలు కూర్చుంటే ఆడుకుంది, నేను లేవగానే ఏడ్చింది. మూడోరోజు మావారు తీసుకెళ్ళి దింపి, వెనక్కి చూడకుండా వచ్చేశారు. గంటన్నర హాయిగా ఉంది. తప్పు నాదేనన్నమాట. అమ్మమ్మ మొహంలో దిగులు చూసి పిల్ల దిగులు పడుతుందని ఆ రోజు ఒప్పుకున్నాను.

రాత్రుల సంగతికి వస్తే, మొదటిరోజు పాప పడుకునే ముందు అమ్మతో వీడియో కాల్ చేయించి పెద్ద పొరపాటు చేశాం. ఓడ వైఫై తడబడుతూ, బొమ్మ ఆగి ఆగి వస్తూ, చివరికి అమ్మ మొహం తెర మీద బిగుసుకుపోయి మాట ఆగిపోయింది. పాప ఎంత వెక్కివెక్కి ఏడ్చిందంటే పక్క క్యాబిన్ వాళ్ళు తలుపు తట్టి ఏమైందని అడిగారు. భుజాన వేసుకుని నడవాలో అటూ ఇటూ తిరుగుతూ జోకొడితే గంటకు పడుకుంది. మర్నాటి నుంచి కాల్ పొద్దున్నే, పాప హుషారుగా ఉన్నప్పుడు చేయించాం. రాత్రి మాత్రం మా అమ్మాయి గొంతుతో ముందే రికార్డు చేసి ఫోనులో దాచుకున్న కథ వినిపించేవాళ్ళం. దానికి నెట్ అక్కర్లేదు, మధ్యలో ఆగదు. కథ అయ్యాక చందమామకు రంగు, ఆపైన నిద్ర.

మూడోరోజు సముద్రం కొంచెం రేగింది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసు పిల్లలకే ఓడ ఊపు ఎక్కువగా పడదంటారు. లోపలి చెవి కదులుతున్నావని చెబుతుంటే, గది గోడలను చూసే కళ్ళు కదలడం లేదని చెబుతాయి. ఆ గందరగోళమే కడుపులో తిప్పడానికి కారణం. పాప ఒకసారి వాంతి చేసుకుంది. పై డెక్‌కు తీసుకెళ్ళి, గాలి తగిలేచోట ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత చూపించి అక్కడ పడవ వస్తుందేమో చూడమన్నాను. అరగంటలో తేరుకుంది. పెద్దవాళ్ళు చెవి వెనక అతికించుకునే మందు పట్టీ నా సంచిలో ఉన్నా, అది పిల్లలకు వాడేది కాదు. పాపకు పనికొచ్చే మందు ఏదో ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెచ్చుకున్నాం.

అదే రాత్రి జ్వరం వచ్చింది, చెవి నొప్పని ఏడ్చింది. ఇంట్లో అయితే తెల్లవారేదాకా చూసేదాన్నే. వేరొకరి నమ్మకాన్ని మోస్తున్నప్పుడు ఆ ధైర్యం ఉండదు. కింది డెక్‌లోని వైద్య కేంద్రానికి వెళ్తే నర్సు మొట్టమొదట అడిగినది జ్వరమెంతని కాదు, ఈ బిడ్డకు చికిత్స చేయించే అధికారం మీకుందా అని. నోటరీ ముద్ర ఉన్న కాగితం తీసి ఇచ్చాం. రెండు నిమిషాల్లో చదివి నకలు తీసుకుని లోపలికి పంపింది. డాక్టరు చెవిలోకి వెలుగు వేసి చూసి, అంచున రాసిన బరువు చూసి మోతాదు చెప్పి, మందులిచ్చాడు. ఖర్చు మా గది ఖాతాలో పడింది; బీమావారు మేము తిరిగొచ్చి రసీదులు పంపాక చెల్లించారు. మా అమ్మాయికి వెంటనే చెప్పాలా, తెల్లవారాక చెప్పాలా అని మావారూ నేనూ ఆ రాత్రి చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి వెంటనే సందేశం పంపాం. అది సరైన పనేనని ఇప్పటికీ నా అభిప్రాయం. పిల్ల వారిది, ఆందోళన పడే హక్కు కూడా వారిదే.

ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగోరోజు మధ్యాహ్నం ఒక ఎత్తు. బఫే దగ్గర నేను పాపకు పళ్ళెంలో తిండి పెట్టించుకుంటున్నాను, పాప మావారి దగ్గర ఉందనుకున్నాను. మంచినీళ్ళకు వెళ్ళిన ఆయన, పాప నా దగ్గర ఉందనుకున్నారు. బల్ల దగ్గర కలుసుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మూడు నాలుగు నిమిషాలు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఓడకు అంచు ఉంటుంది, అంచు అవతల సముద్రం ఉంటుంది అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో మరొకటి లేదు. పాప నిలువెత్తు అద్దం కిటికీకి ముక్కు ఆనించి నిలబడి ఉంది. పక్కన సిబ్బందిలో ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో పాప చెయ్యి పట్టుకుని, మణికట్టు పట్టీ చదువుతూ రెండో చేత్తో ఫోను తీస్తోంది. అద్దం మీద పాప ఊపిరి తగిలి ఏర్పడిన ఆవిరి మచ్చ, దాని మధ్యలో వేలితో గీసిన గుండ్రని గీత ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది.

తల్లిదండ్రులకు ఏళ్ళ తరబడి అలవాటైన ఒప్పందం ఒకటి మాటల్లేకుండా ఉంటుంది; ఎవరు చూస్తున్నారో వాళ్ళకు తెలుసు. మాకు ఆ అలవాటు తప్పి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ రోజునుంచి "పాప నా దగ్గర", "పాప నీ దగ్గర" అని పైకి అనుకోనిదే ఒకరం కదిలేవాళ్ళం కాదు. రెండోవారు "సరే" అనేదాకా అది చెల్లినట్టు కాదు. చూసేవాళ్ళకు నవ్వులాటగా ఉండి ఉంటుంది.

ఆగిన రెండు రేవుల్లో ఒకదానిలోనే ఒడ్డుకు దిగాం. రెండోచోట పెద్ద ఓడ దూరంగా ఆగి, చిన్న పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. అలల మీద ఊగే పడవలోకి, మడిచిన తోపుడు బండితో, జ్వరం తగ్గిన మర్నాడే పిల్లను దించడానికి మనసొప్పలేదు. ఖాళీగా ఉన్న ఓడ మీద ఈత కొలను దాదాపు మాదే అయ్యింది, నిజానికి అది పాపకు ఎక్కువ నచ్చింది. దిగిన రేవులో సమ్మతి పత్రాల నకళ్ళు వెంట ఉంచుకుని, ఓడ గడియారానికీ ఊరి గడియారానికీ తేడా ఉందేమో చూసుకుని, చెప్పిన వేళకు గంటన్నర ముందే తిరిగొచ్చేశాం. ఆలస్యమైనవాళ్ళ కోసం ఓడ ఆగదు.

చేతులు సబ్బుతో కడగడం దగ్గర పాపతో రోజూ పోరాటమే. ఓడల్లో వాంతులూ విరేచనాలూ అంటించే నోరోవైరస్‌కు, సీసాలోంచి రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్ళే మేలు. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెబుతూ కడిగేలా ఆట నేర్పాం. పదమూడు తర్వాత పదిహేను అని దూకేది, మళ్ళీ మొదటినుంచి చెప్పించేదాన్ని.

అలసట గురించి కూడా దాచుకోకుండా రాయాలి. నాలుగేళ్ళ పిల్ల వెనక ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా తిరగడం మా వయసువాళ్ళకు చిన్న పని కాదు. సాయంత్రం ప్రదర్శనకు ఒకరోజు ఆయన, ఒకరోజు నేను వెళ్ళాం. అయిదు రోజుల్లో ఇద్దరం కలిసి ఒక్కటీ చూడలేదు. ఒక్కరే తీసుకెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు మాత్రం ఇంకో రెండేళ్ళు ఆగితే బాగుంటుందని నా సలహా.

అయిదో చందమామకు రంగు నిండిన మర్నాటి ఉదయం టెర్మినల్ బయట మా అమ్మాయి, అల్లుడు ఎదురుచూస్తూ కనిపించారు. పాప పరుగెత్తుకెళ్ళి అమ్మ మెడకు వేలాడింది. "పాప మీ దగ్గర" అన్నారు మావారు అలవాటు చొప్పున. మా అమ్మాయికి అర్థం కాలేదు, నవ్వి ఊరుకుంది. ఆయన కదలకుండా అలాగే నిలబడ్డారు. "సరే అనవే" అన్నాను నేను. "సరే" అంది.